తూకం

స్పాల్డింగ్ దాటితే నేలకు ఎత్తుపల్లాలు తెలియవు.
క్యాబేజీ మళ్ళు, నిండు కాలువలు,
స్కేలు పెట్టి గీసినట్టు రోడ్డు.
ఆ రోడ్డు చివర గ్లెనిస్ షెడ్డు.
తలుపు తీయగానే
ఈకల వెచ్చదనం, రంపపుపొట్టు, ముక్కు పగిలే ఘాటు.
రెండొందల గొంతులు టక్కున ఆగి
మళ్ళీ మొదలయ్యాయి.

"గుడ్లకా, మాంసానికా?" అందామె
తొడుగులు విప్పకుండానే.
గుడ్లకన్నాను నేను.
అదే క్షణాన మాంసానికన్నాడు ప్రభుదాసు.
పెళ్ళయి పదకొండేళ్ళు.
ఒక ప్రశ్నకు ఒక్క జవాబు
ఇప్పటికీ కుదరదు మాకు.

ఆమె నవ్వలేదు. మూడు బోన్లు చూపించింది.

మొదటిదాంట్లో చిన్న కౌజులు, గోధుమరంగువి,
పిడికిట్లో ఇమిడేవి.
రోజుకో గుడ్డు, అలారం పెట్టుకున్నట్టు.
కోస్తే మాత్రం
ఇద్దరి కంచాల్లో ఎముకలే కనిపిస్తాయి.

రెండోదాంట్లో తెల్లవి.
ఈక పీకాక చర్మం మీద నల్లటి మొలకలుండవు,
చుట్టాలకు పెట్టినా మాట రాదు.
కానీ ఆడో మగో రంగు చెప్పదు.
తోక కింద నొక్కాలి, నురగ వస్తే మగ.
నొక్కి చూపించింది.
ప్రభుదాసుకు అప్పుడే ఫోన్‌లో ఏదో పని పడింది.

మూడోవి జంబోలు.
మూడొందల గ్రాములకు ఎగబాకే రకం,
మేత డబ్బా దగ్గరే కాపురం.
గుడ్డు పెద్దదే, మధ్యమధ్య నాగాలు.
రొమ్ము మీద చుక్కలుంటే ఆడ, తుప్పురంగైతే మగ.
ఎవరినీ ఎక్కడా నొక్కక్కర్లేదు.

ఒక్క దెబ్బకు రెండు పిట్టలంటారు మనవాళ్ళు.
మేం అడగడానికి వచ్చింది
ఒక్క పిట్టకు రెండు దెబ్బలు.

పన్నెండు ఆడవి, మూడు మగవి. అట్టపెట్టెలో జంబోలు.
గూడు మూరెడు ఎత్తు మించొద్దంది గ్లెనిస్,
బెదిరితే నిలువునా లేస్తాయి, తల పగలగొట్టుకుంటాయి.
పిట్ట కొంచెం, కూత ఘనం.
ఎవరిదో కారు అలారం అనుకుని
పక్కింటి మాల్కమ్ మూడు రోజులు వీధంతా వెతికాడట.

జూలైలో నలభై గుడ్లు పొదిగించాం.
పదిహేడో రోజు తెల్లారేసరికి
ఇరవై తొమ్మిది తుమ్మెదలు, కాళ్ళొచ్చినవి.
నీళ్ళ మూతలో గులకరాళ్ళు వేశాను
మునిగిపోతాయేమోనని.
ఎవరి కోసం పెంచుతున్నామో తెలిసీ వేశాను.

ఎనిమిదో వారం. ఎంచుకోవాలి.
ఫోన్ చేస్తే గ్లెనిస్ ఒక్కటే చెప్పింది:
"నోరూరించేదాన్ని ఉంచు. కంటికి ఆననిదాన్ని తిను."
ప్రభుదాసు మొహం చూడాలి.
"అంటే అన్నిటికంటే బాగున్నదాన్ని
మనం ఎప్పటికీ తినమా?"
ఎప్పటికీ.

వంటింటి త్రాసు పెరట్లోకొచ్చింది,
దానిమీద పెరుగు తోడేసే గిన్నె.
రెండొందల ఎనభై దాటితే కాలికి పచ్చ రింగు.
దాటకపోతే ఎర్ర రింగు, శనివారం.
చీకట్లో ఉన్నట్టు అనిపించాలని
ఒక్కోదాని మీదా చేతిగుడ్డ కప్పాను.
గుడ్డ కింద బరువంతా గుండె చప్పుడే.

చివరిది రెండొందల అరవై మూడు.
ఎర్ర రింగు విప్పదీశాడు తను.
నేను గుడ్డ తీయబోతుంటే అది కదల్లేదు,
కళ్ళు సగం మూసుకుని, మెడ లోపలికి లాక్కుని,
మమ్మల్ని లెక్కచేయకుండా
ఏదో పని ముగిస్తోంది.
అంకె మారలేదు.

తర్వాత గిన్నె అంచెక్కి గెంతింది.
త్రాసు ఆలోచించి, పదమూడు అంది.
గిన్నె అడుగున మచ్చల గుడ్డు, ఇంకా తడిగా.

ప్రభుదాసు రెండు చేతుల్లో రెండు రింగులు పట్టుకుని
నా వైపు చూస్తున్నాడు.